ఇంటి కుందేటికి ఆపరేషను: ఎప్పుడు? ఎక్కడ?

చంద్రునిలో కుందేలున్నదని మన పెద్దలు చెప్పిరి. సింహమును నూతిలో దూకించిన కుందేలు కథ మన పిల్లలందఱికిని తెలియును. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లను సామెత మన నోళ్లలో నానుచునే యున్నది. ఇన్ని తెలిసిన మనకు, ఇంట పెంచుకొను కుందేటి శరీరమును గూర్చి తెలిసినది మాత్రము మిక్కిలి తక్కువ. మా యింటి యనుభవము వలన ఈ సంగతి మాకు బోధపడినది. ఆ యనుభవమును, దాని వెంట మేము తెలిసికొన్న విషయములను ఈ పూట మీకు మనవి చేయుదుము.

మొదట ఒక మాట. మన పొలముల గట్ల మీద పరువెత్తు చెవులపిల్లి వేఱు, ఇంట పెంచు కుందేలు వేఱు. చెవులపిల్లి అడవిజంతువు. దానిని పట్టి పెంచుటను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము నిషేధించుచున్నది. మన యిండ్లలోని తెల్లని, బూడిదరంగు కుందేళ్లు ఐరోపా కుందేటి సంతతివి. మేము చెప్పబోవునది వీనిని గూర్చియే.

గడచిన ఉగాదికి మా అమ్మాయి రెండు నెలల ఆడు కుందేలు నొకదానిని ఇంటికి తెచ్చెను. వెన్నెల యని పేరు పెట్టెను. బెజవాడ యెండలకు తాళునో తాళదో యని భయపడుచునే, గచ్చునేల మీద తడిగోనె పఱచి, మధ్యాహ్నములు పంకా క్రింద నుంచి, ఎట్లో వేసవి గట్టెక్కించితిమి. కార్తికమాసమున ఒకనాటి తెల్లవారుజామున చూతుము గదా, వెన్నెల తన రొమ్ము మీది బొచ్చును నోటితో పీకి, ఎండుగడ్డితో కలిపి, బీరువా క్రింద గూడు కట్టుచున్నది! దగ్గఱకు పోయినవారి మీదికి గురుమని ఉఱుకుచున్నది. ఏదో చర్మవ్యాధి యనుకొంటిమి. పశువైద్యుని అడుగగా అది రోగము కాదనియు, మగదాని పొత్తు లేకయే కొన్ని ఆడు కుందేళ్లకు వచ్చు వట్టిచూలనియు చెప్పిరి. రెండు మూడు వారములలో అదియే తగ్గిపోవును, మరల మరల వచ్చుటయు కలదు. అప్పుడే ఆయన, దీనికి ఆపరేషను చేయించు సంగతి ఆలోచించితిరా యని అడిగిరి.

ఆలోచింపలేదు. ఆలోచించుట మొదలిడిన తోడనే ఇంటిలో రెండు పక్షములేర్పడినవి.

"నోరులేని జీవానికి కడుపుకోత ఎందుకురా? ఒక్క కాన్పైనా కానియ్యండి" అని మా అమ్మగారు. "నాన్నగారూ, మత్తుమందిస్తే మళ్లీ లేస్తుందా?" అని మా అమ్మాయి. మేమును కొన్నాళ్లు, అది యొంటరిగా నున్నది, పిల్లలు పుట్టు ప్రసక్తి లేదు, ఈ కోతలెందుకు అని మూడు కాళ్ల వాదమే వాదించితిమి. అయితే తెలిసికొన్న కొలది మా వాదమునకు బలము తగ్గుచు వచ్చినది.

పిల్లల సంగతి ముందు చూతము. ఆడు కుందేటికి నెలకొక పర్యాయము వచ్చు ఋతువు లేదు. మగదానితో కలిసిన పది పండ్రెండు గంటలకు అండములు విడుదల యగును. ముప్పది, ముప్పదిరెండు దినములలో ఈనును. ఈతకు నాలుగు మొదలు పండ్రెండు పిల్లల వరకు పుట్టవచ్చును. ఈనిన కొన్ని గంటలలోనే మరల చూలు కట్టగలదు. సంతలో రెండును ఆడువే యని చెప్పి అమ్మిన జంటలో ఒకటి మగదని తేలి, ఏడాది తిరుగకమునుపే ఇల్లు గూళ్లతో నిండిన కుటుంబములు ఎన్నియో కలవు. ఆ పిల్లల నెవ్వరికిచ్చుట? ఇచ్చినచోట వాని గతి యేమి?

ఇంతకన్న గంభీరమైనది మఱియొకటి. ఆడు కుందేటికి వయస్సు మీఱిన కొలది గర్భాశయమున రాచపుండు, అనగా కాన్సరు, పుట్టుట సామాన్యము. మూడు నాలుగేండ్లు దాటిన పిదప కొన్ని జాతులలో సగముకు మించి దీనికి లోనగునని పరిశీలకులు వ్రాసినారు. ఈనినదియైనను ఈననిదియైనను ఈ భయము తప్పదు. కావున ఒక్క కాన్పు కానిచ్చిన మేలను మాటకు ఆధారము లేదు. చక్కగా సాకిన కుందేలు ఎనిమిది, పదేండ్లు బ్రతుకగలదు. ఆ యాయుర్దాయములో సగము ఈ వ్యాధినీడన గడపవలసి యుండును. అండాశయములను, గర్భాశయమును తీసివేసినచో ఆ భయము తొలగును, వట్టిచూలు బాధయు పోవును.

ఇక మా అమ్మాయి ప్రశ్న. మత్తుమందిచ్చిన మరల లేచునా? దీనికి మెత్తని మాట చెప్పి తప్పించుకొనుట న్యాయము కాదు. బ్రిటనులో ఎనిమిదివేలకు పైగా కుందేళ్లకు మత్తుమందిచ్చిన వృత్తాంతములను పరిశీలించి 2008లో ప్రకటించిరి. అందులో నలువదియెనిమిది గంటలలోపల మరణించినవి నూటికి 1.39. ఆరోగ్యముగా నున్నవానిలో నూటికి 0.73, అనగా దాదాపు నూటముప్పదియేడింటికి ఒకటి. అదే పరిశీలనమున కుక్కలకు ఈ లెక్క నూటికి 0.17 మాత్రమే. అందుచేత కుందేటికి అపాయము ఎక్కువయే. కాని అదే లెక్కలో మఱియొక సంగతి కలదు. మరణించిన కుందేళ్లలో సగముకన్న నెక్కువ ఆపరేషను బల్ల మీద పోలేదు, అది ముగిసిన తరువాత పోయినవి. అనగా కత్తి పట్టిన చేతి నేర్పు ఎంత ముఖ్యమో, తరువాతి గంటలలో చూచు కన్ను, వెచ్చగా నుంచు చేయి అంత ముఖ్యము. ఈ సంగతి తెలిసిన నాటి నుండి మా యింట చేయించుటా మానుటా అను తగవు పోయి, ఎప్పుడు, ఎవరిచేత అను విచారము వచ్చినది.

ఎప్పుడనుదానికి మూడు కొలతలు కలవు.

మొదటిది వయస్సు. చిన్నజాతుల ఆడు కుందేళ్లు నాలుగైదు నెలలకు, పెద్దజాతులవి ఇంకను ఆలస్యముగా ఈడేరును. ఆఱు నెలలు మొదలు ఏడాది, ఏడాదిన్నరలోపల చేయించుట సాధారణముగా మంచిది. అంతకన్న పసిదానికి అవయవములు చిన్నవై కష్టమగును. మిక్కిలి ఆలస్యమైనచో మఱియొక చిక్కు వచ్చును. కుందేటికి గర్భాశయమును పట్టియుండు పొరలో క్రొవ్వు పేరుకొనును. రక్తనాళములు ఆ క్రొవ్వులో కప్పబడి, వైద్యునికి పని కష్టమగును. మూడేండ్లు దాటినదానికి చేయరాదని కాదు. ముందు రక్తపరీక్ష, ఎక్స్‌రే తీయించి చేయవలెను. మూత్రములో నెత్తురు కనబడినచో ఆలస్యమే కూడదు.

రెండవది ఋతువు. మన దేశమున ఇది చాల ముఖ్యము. కుందేటికి మనవలె చెమట పట్టదు. ఒంటి వేడిని చాలవఱకు చెవుల ద్వారానే వెలికి పంపుకొనును. ముప్పది డిగ్రీలు దాటినప్పుడే దానికి కష్టము. కోస్తాలోను తెలంగాణములోను మే మాసమున నలువది దాటుట సామాన్యము. గాయముతో, బడలికతో నున్న జంతువును అట్టి యెండలో బుట్టలో పెట్టి తీసికొనిపోవుట, తీసికొనివచ్చుట రెండును ప్రమాదమే. అత్యవసరము కానిచో కార్తికము మొదలు మాఘము వఱకు గల చల్లని కాలము నెంచుకొనుడు.

మూడవది దేహస్థితి. వట్టిచూలుతో పాలు దిగియున్నప్పుడు వెంటనే చేయింపరాదు. ఆ పాలు ఇంకిపోవు వఱకు, నెల నెలన్నర ఆగుట మేలు. మేమును అట్లే ఆగి సంక్రాంతికి ముందు ముహూర్తము పెట్టుకొంటిమి. అప్పటికి వెన్నెలకు సుమారు ఏడాది.

ఇక ఎక్కడ? ఇంటికి దగ్గఱలోనున్న వైద్యశాలకు మొదట వెళ్లితిమి. ఆవులకు, కుక్కలకు ఎన్నియో ఆపరేషనులు చేసి పేరు పొందిన చోటు. రుసుము తక్కువ. దినము నిర్ణయమైన పిదప అక్కడివారు, "ముందురోజు రాత్రి నుంచి ఏమీ పెట్టకండి" అనిరి. మాకు గుండె గుభిల్లుమన్నది. కుక్కకు, పిల్లికి అది సరియైన కట్టడి. మత్తులో వాంతి వచ్చి ఊపిరితిత్తులలోనికి పోవునని వాని నుపవాసముంచుదురు. కుందేలు వాంతి చేసికొనలేదు. దాని ప్రేగులు ఎల్లవేళల కదలుచుండవలెను. ఒక రాత్రి పస్తుంచినచో ఆ కదలిక మందగించి, అదియే ప్రాణముమీదికి రావచ్చును. నోటిలో గడ్డిపరక లేకుండ గంటసేపు ముందు మేత తీసివేయుట చాలును. ఈ మాట వినయముగా చెప్పితిమి. అన్నిటికీ ఒకటే పద్ధతని సమాధానము వచ్చినది. నమస్కరించి వచ్చివేసితిమి. వారి నేర్పు మీద మాకు అగౌరవము లేదు. ఆ నేర్పు వేఱు జంతువులది.

ఆ పిమ్మట ఊరికి దూరమైనను, కుందేళ్లకు అలవాటుగా చేయుచున్న వైద్యురాలి నొకరిని వెదకి పట్టుకొంటిమి. రాజేంద్రనగరము, గన్నవరము, తిరుపతి వంటి చోట్ల పశువైద్య కళాశాలలు కలవు. దగ్గఱలో నున్నవారు అక్కడ విచారింపవచ్చును. ఎవరి నడిగినను ఈ క్రింది ప్రశ్నలు వేయుటకు మొగమాటపడకుడు.

గడచిన సంవత్సరములో ఆడు కుందేళ్లకు ఎన్నింటికి చేసినారు? అందులో పోయినవెన్ని, ఎందుచేత? ఉపవాసముంచవలెనా? ఆనాడు తూచి, బరువు ననుసరించియే మత్తుమందిత్తురా? ప్రాణవాయువు, వెచ్చదనము ఏర్పాటు కలదా? కుందేటి నోరు ఇఱుకు, గొంతు లోతు. అందుచేత మత్తులో ఊపిరిని కనిపెట్టి చూచుట కొక మనిషి వేఱుగా నుండవలెను. నొప్పికి మందు ఎన్ని దినములిత్తురు? క్రిములకు ఏ మందు? నోటి ద్వారా అమాక్సిసిలిను గాని క్లిండామైసిను గాని ఇచ్చినచో కుందేటి ప్రేగులలోని మేలు చేయు సూక్ష్మజీవులు చచ్చి, ప్రాణాపాయము కలుగును. ఇది తెలిసినవారు ఆ ప్రశ్నకు వెంటనే బదులు చెప్పుదురు. కుక్కల అఱుపులు వినబడనిచోట పడుకొనబెట్టుదురా? రాత్రి మేత ముట్టనిచో ఎవరిని పిలువవలెను?

ఆ వైద్యురాలు అన్నిటికిని ఓపికగా బదులు చెప్పిరి. తమ చేతిలో రెండు కుందేళ్లు పోయినవని దాచక చెప్పిరి. ఒకటి ఎట్లు పోయినదో తెలిసినదట, రెండవది తెలియలేదట. ఆ మాట విన్న తరువాతనే మాకు వారి మీద నమ్మకము కుదిరినది.

ఆనాడు ఉదయము వెన్నెల నెప్పటివలె గడ్డి తిననిచ్చి తీసికొనిపోయితిమి. అది తినుటకు మరగిన కొత్తిమీర, ఎండుగడ్డి వెంట నుంచుకొంటిమి. మధ్యాహ్నమునకు అంతయు ముగిసినది. సాయంకాలము ఇంటికి తెచ్చి, నేల మీద మెత్తని గుడ్డ పఱచి, వెచ్చని నీటిసీసా గుడ్డలో చుట్టి ప్రక్క నుంచితిమి. అది మూల నొదిగి, కన్నులు సగము మూసి, పండ్లు కొఱుకుచు కూర్చున్నది. పండ్లు గట్టిగా కొఱుకుట నొప్పికి గుర్తు. వైద్యురాలికి ఫోను చేయగా మందు మోతాదు చెప్పిరి. ఏడైనది, ఎనిమిదైనది. గడ్డి వైపు చూడలేదు. పండ్రెండు గంటలు మేత లేకున్నను, పెంటికలు పడకున్నను ఆలస్యము చేయక తీసికొనిరమ్మని వారి హెచ్చరిక. మా అమ్మాయి గడియారము ముందు కూర్చున్నది. చేయించినందుకు చింతించిన గడియలు మాకును కలవు, లేదనము.

తొమ్మిది దాటిన తరువాత మా అమ్మగారు, ఆపరేషను వలదన్నవారే, కొత్తిమీర కట్ట విప్పి ఒక్కొక్క రెమ్మను దాని మూతి దగ్గఱ పట్టిరి. మొదటి రెమ్మను వాసన చూచి వదలినది. మూడవదాని ఆకు కొన కొఱికినది. "తింటోందిరా" అని మెల్లగా అనిరి, గట్టిగా అన్నచో మానునేమో యన్నట్లు. తెల్లవారుసరికి గూటిలో పెంటికలు పదునాలుగు. మా అమ్మాయి లెక్కపెట్టినది. అంతటి శుభవార్తను మేము చిరకాలముగా వినలేదు. పది దినములు పరుగులు పెట్టనీయక, కుట్లు నాకకుండ, ప్రతిదినము గాయము చూచుచు కాపాడితిమి.

మగ కుందేటి సంగతి ఇంతకన్న తేలిక. నాలుగు నెలలు దాటి వృషణములు దిగిన తరువాత చేయింపవచ్చును. అయితే ఆపరేషనైన పిదపను నాలుగు మొదలు ఆఱు వారములు దానికి పిల్లలు కలుగు శక్తి నిలిచియుండును. ఆ వఱకు ఆడుదానికి దూరముగా నుంచవలెను.

వెన్నెల బ్రతికినది గనుక మా నిర్ణయము సరియైనదని మేమనుట లేదు. నూటముప్పదియేడింటిలో ఒకటి అదియే కావచ్చును గదా. తెలిసికొని చేసినాము, తెలిసినవారిచేత చేయించినాము, చల్లని కాలమున చేయించినాము. మన చేతిలో నున్నది అంతే. మీ యింట ఆడు కుందేలున్నచో దాని వయస్సు లెక్కించుకొనుడు. వేసవి రాకమునుపే వైద్యుని వెదకుడు. ముందుగా ఉపవాసము సంగతి యడుగుడు. ఆ యొక్క ప్రశ్నకు వచ్చు సమాధానము చాలవఱకు మీకు దారి చూపును.