ఒక సీసా, ఒక బిరడా

ద్రాక్షాసవమును గురించి రేడియోలో ప్రసంగమా అని మీలో కొందఱు కనుబొమలు ముడివేయవచ్చును. త్రాగుడని చెప్పుటకు నేను రాలేదు. ఒక సీసా చెడిన కథ చెప్పుటకు వచ్చినాను. ఆ కథలో నే నాడిన అబద్ధ మొకటి యున్నది. అది యిన్నాళ్లకును నన్ను విడువలేదు.

2007వ సంవత్సరమున ఫ్రాన్సు దేశములో, గరోన్ నదీతీరమున నున్న బోర్దో నగరములో ఉద్యోగరీత్యా కొన్ని నెలలు నివసించినాను. నేను అద్దెకున్న యింటి యజమాని పని విరమించిన బడిపంతులు. భార్య గతించినది. ఒక్కతే కుమార్తె, 1982లో పుట్టినది. బిడ్డ పుట్టిన యేటి ద్రాక్షాసవమును కొని నేలమాళిగలో దాచి, బిడ్డ పెద్దదైన పిదప ఒక శుభదినమున తెఱచుట అచ్చట పలు కుటుంబములలో నున్న ఆచారము. మన యిండ్లలో ఆడపిల్ల పుట్టగానే తల్లి బంగారుతునక యొకటి దాచిపెట్టుట వంటిదే. 1982 బోర్దోకు పేరుమోసిన సంవత్సరము. పంతులుగారును భార్యయు తమ తాహతుకు మించిన ధర పెట్టి మెదోక్ సీమకు చెందిన సీసా కొన్నారు. ఒక్కటే.

మెదోక్ అనగా బోర్దోకు ఉత్తరమున, జిరోంద్ నదీముఖమునకు ఎడమగట్టున నున్న గులకరాళ్ల నేల. అచ్చటి తోటలను 1855లో పారిసు మహాప్రదర్శనమునకై బోర్దో దళారులు అయిదు తరగతులుగా ఏర్పఱచినారు. వారికి ముఖ్యాధారము అంగడిలో ఆయా తోటల సరకు పలికిన ధరయే. ఆ పట్టికలో ఒక తోట పైతరగతికి ఎక్కుట ఒక్కసారియే జరిగినది. 1973లో ముతోన్ రోత్‌షీల్డ్ రెండవ తరగతినుండి మొదటికి వచ్చినది. అట్టి పట్టికను తరతరములుగా చూచుచున్న జనమునకు సీసాపై నంటించిన కాగితము శాసనమువలె కనబడుట వింత గాదు. కాని ఆ కాగితము తోటను గూర్చి చెప్పునే గాని, చేతిలోనున్న సీసాను గూర్చి చెప్పదు.

అచ్చటి ముఖ్యమైన ద్రాక్ష కాబెర్నె సొవిన్యోన్. పండు చిన్నది, తోలు మందము. తోలునుండియు గింజలనుండియు వచ్చు వగరు క్రొత్తలో పచ్చివక్క నమిలినట్లు నాలుకను పట్టివేయును. అందుచేత 225 లీటర్ల ఓకుకొయ్య పీపాలలో నిలువజేసి, పిదప సీసాలలో ఏండ్లతరబడి పడుకోబెట్టుదురు. నిజముగానే పడుకోబెట్టుదురు, బిరడా తడిగా నుండవలెను గదా. ఎండిన బిరడా కుంచించుకొని గాలిని లోనికి రానిచ్చును.

కుమార్తె ఇరువదియైదవ పుట్టినరోజు వచ్చినది. పంతులుగారు ముందునాడే సీసాను నిలువుగా నుంచి మడ్డిని అడుగునకు దిగనిచ్చినారు. నాడు క్రొవ్వొత్తి వెలిగించి, ఆ వెలుగులో సీసామెడను గమనించుచు, మడ్డి రాకుండ గాజుపాత్రలోనికి ఒంపినారు. చేయి వణకలేదు. రంగు దివ్యముగా నున్నది. నాకును ఒక గ్లాసు ఇచ్చినారు.

ముక్కునొద్ద పెట్టుకొంటిని. ముక్కిపోయిన బియ్యపు గోనెవాసన! వానకు తడిసి ఆరని వార్తాపత్రికవాసన! పండు జాడయే లేదు. ఇంతటి ఖ్యాతిగల పదార్థము ఇట్లే యుండునేమో, నా ముక్కే మోటుదేమో అనుకొన్నాను. అందఱును మౌనముగా నున్నారు. ఆ మౌనమును భరింపలేక, "అద్భుతముగా నున్నది" అన్నాను.

కుమార్తె తండ్రి మొగము చూచినది. ఆయన మరల ఒకసారి వాసన చూచి గ్లాసు క్రింద బెట్టి, "బిరడా చెఱచినది" అన్నారు. కొంతసేపటికి నావైపు తిరిగి, "మీరు మర్యాదకన్న మాట నాకు తెలియును. కాని అట్లనకుండిన బాగుండెడిది. ఇదియే దాని రుచి యని మీరు మీ దేశమునకు పోయి చెప్పెదరు గదా!" అన్నారు.

ఆ చెడుగు ఏమో తరువాత తెలిసికొన్నాను. బిరడాలు పోర్చుగలు మున్నగు దేశములలో పెరుగు ఒకజాతి ఓకుచెట్టు బెరడు. ఇంచుమించు తొమ్మిదేండ్ల కొకసారి చెట్టును కొట్టకుండ బెరడు మాత్రమే ఒలిచెదరు. ఆ బెరడులో క్లోరిను కలిసిన ఫీనాలు పదార్థము లుండి, వానిపై బూజు చేరినచో, ట్రైక్లోరోఅనిసోల్ అను ద్రవ్యము పుట్టును. ఈ దోషమునకు మూలమదియే యని 1981లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు హాన్స్ టానర్ తెలిపినాడు. లీటరునకు కొన్ని నానోగ్రాములు చాలును. నానోగ్రా మనగా గ్రాములో నూరుకోట్లవ వంతు. ఆరోగ్యమునకు హాని లేదు, రుచికి మాత్రము మరణమే. ఇది తన కంపు చూపుటయే గాక, వాసన గ్రహించు కణముల పనిని అణచివేయునని 2013లో జపాను శాస్త్రజ్ఞులు ప్రకటించినారు. పండు జాడ నాకు తగులకపోవుటకు కారణ మది యైయుండును.

భోజనశాలలో పరిచారకుడు మొదట కొన్ని చుక్కలు ఆతిథ్యమిచ్చువాని గ్లాసులో పోసి నిలుచుట మీలో కొందఱు చలనచిత్రములలో చూచియుందురు. అది డాబు కాదు, రుచి నచ్చినదా యని యడుగుటయు కాదు. సీసా చెడినదా లేదా యని యడుగుట. చెడినచో అక్కడ మార్చెదరు. ఇరువదేండ్లకు పైగా ఇంటిలో దాచిన దానిని ఎవ్వరు మార్చెదరు? దాచినవారిలో ఒకరు లేనే లేరు.

పంతులుగారు పాత్రలోనిదంతయు తొట్టిలో పారబోసినారు. కుమార్తె ఖాళీసీసాను మాత్రము కడిగి పక్కన పెట్టుకొన్నది. పిమ్మట ఆయన వంటయింటిలో కూరలకు వాడుకొను చౌకసీసా తెచ్చి, బిరడా లాగి, మొదటి చుక్కలు తన గ్లాసులో కాక నా గ్లాసులో పోసి నిలుచున్నారు. నేను వాసన చూచినాను. ఒక గుటక వేసి, "చెడలేదు గాని మిక్కిలి వగరుగా నున్నది" అన్నాను.

ఆయన నవ్వి, అందఱికిని పోసినారు.