ఇంటి పన్నులో ఊరట: కొలత, లెక్క, అర్జీ



కొలతలో కొద్దిపాటి పొరపాటు జరిగితే ఫలితం ఎంత మారిపోతుందో మీరు ప్రయోగశాలలో చూసే ఉంటారు. ఈనాటి ప్రసంగంలో ఆ కొలతను మీ ఇంటి గడప దగ్గరకు తీసుకువెళదాం. మన అంశం ఇంటి పన్ను, అంటే ఆస్తి పన్ను. తక్కువ ఆదాయం గల కుటుంబానికి ఈ పన్నులో ఎలాంటి ఊరట ఉంది? దాన్ని ఎలా అడిగి పొందాలి?

ముందుగా ఈ పన్ను ఎవరిదో తెలుసుకుందాం. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమలులోకి వచ్చింది. పురపాలక సంఘాలు పన్నులు విధించే అధికారాన్ని రాష్ట్రాల చట్టం ద్వారా ఇవ్వవచ్చునని అందులోని 243-ఎక్స్ అధికరణం చెబుతుంది. వీధి దీపాలు, మురుగు కాలువలు, చెత్త సేకరణ వంటి పనులకు కావలసిన సొమ్ములో ఒక ముఖ్యమైన భాగం ఇంటి పన్ను నుంచే వస్తుంది. కనుక ఇది అనవసరమైన పన్ను కాదు. అయితే ఇందులో ఒక చిక్కు ఉంది. ఆదాయపు పన్ను మన సంపాదనను చూస్తుంది. ఇంటి పన్ను ఇంటిని చూస్తుంది. ఆ ఇంట్లో కూలికి వెళ్లే మనిషికి ఈ నెల పని దొరికిందా లేదా అని అది అడగదు.

మరి ఊరట ఎలా ఇస్తారు? కొన్ని దేశాల్లో కుటుంబ ఆదాయాన్ని బట్టి ఇస్తారు. ఐర్లండ్‌లో 2013లో స్థానిక ఆస్తి పన్ను మొదలైనప్పుడే, ఆదాయం ఒక పరిమితికి లోబడి ఉన్నవారు పన్నును వాయిదా వేసుకునే వీలు కల్పించారు. ఆ బాకీ వడ్డీతో సహా ఇంటి మీద నిలిచి ఉంటుంది. మన దేశంలో చాలా కుటుంబాలకు జీతపు చీటీ ఉండదు. రోజు కూలి, చిరు వ్యాపారం, కౌలు సేద్యం వంటి వాటిలో ఆదాయాన్ని కొలవడం కష్టం. ఇంటి వైశాల్యాన్ని టేపుతో కొలవవచ్చు. అందుకే మన దగ్గర ఊరట ఎక్కువగా ఇంటి పరిమాణాన్నో, పన్ను మొత్తాన్నో ఆధారం చేసుకుని ఉంటుంది.

కొన్ని ఉదాహరణలు చూడండి. ముంబయి నగరంలో 500 చదరపు అడుగుల లోపు నివాస గృహాలకు 2022 జనవరి 1 నుంచి ఆస్తి పన్ను మాఫీ చేశారు. ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో 2021లో పన్నును ఆస్తి మూలధన విలువకు ముడిపెట్టినప్పుడు, 375 చదరపు అడుగుల లోపు ఇళ్లకు ఏడాదికి 50 రూపాయలుగా నిర్ణయించారు. 2015-16లో తెలంగాణ ప్రభుత్వం గ్రేటర్ హైదరాబాద్‌లో ఏడాదికి 1,200 రూపాయల లోపు పన్ను పడే నివాస గృహాలకు ఆ పన్నును 101 రూపాయలకు తగ్గించింది.

ఇప్పుడు ఈ హైదరాబాద్ పద్ధతిలో ఒక లెక్క వేద్దాం. పెన్ను, కాగితం తీసుకోండి. ఒక చిన్న ఇంటి వైశాల్యం 300 చదరపు అడుగులు అనుకుందాం. ఆ వీధిలో చదరపు అడుగుకు నెలకు ఒక రూపాయి చొప్పున అద్దె విలువ కట్టారనుకుందాం. అప్పుడు నెలకు 300 రూపాయలు, ఏడాదికి 3,600 రూపాయలు. నెల అద్దె విలువ 201 నుంచి 300 రూపాయల వరకు ఉంటే పన్ను రేటు 22 శాతం. అంటే 792 రూపాయలు. అందులో 10 శాతం తగ్గిస్తే 712 రూపాయల 80 పైసలు. దీనికి 8 శాతం గ్రంథాలయ సెస్సు కలిపితే దాదాపు 770 రూపాయలు. ఇది 1,200 కంటే తక్కువ కనుక ఆ కుటుంబం కట్టవలసింది 101 రూపాయలే.

అదే ఇంటిని రికార్డులో పొరపాటున 450 చదరపు అడుగులుగా రాశారనుకోండి. నెల అద్దె విలువ 450 రూపాయలు అవుతుంది. 300 దాటింది కనుక రేటు 30 శాతానికి పెరుగుతుంది. ఏడాది విలువ 5,400 మీద పన్ను 1,620 రూపాయలు. 10 శాతం తగ్గించి, 8 శాతం సెస్సు కలిపితే దాదాపు 1,575 రూపాయలు. 1,200 దాటిపోయింది కనుక ఊరట కూడా పోయింది. కొలత ఒకటిన్నర రెట్లు అయితే, కట్టవలసిన సొమ్ము 101 నుంచి 1,575కు, అంటే దాదాపు పదిహేనున్నర రెట్లకు పెరిగింది! గడువు దాటితే నెలకు 2 శాతం వడ్డీ కూడా పడుతుంది. 1,575 రూపాయల మీద అది నెలకు 31 రూపాయల 50 పైసలు, ఏడాదికి 378 రూపాయలు.

కనుక మీరు చేయవలసిన మొదటి పని ఇంట్లో ఉన్న డిమాండ్ నోటీసు తీసి చదవడం. అందులో ఇంటి నంబరు, యజమాని పేరు, వైశాల్యం, వాడకం సరిగా ఉన్నాయేమో చూడండి. నివాసాన్ని దుకాణంగా రాస్తే పన్ను లెక్కే మారిపోతుంది. తాతగారి పేరు మీదే ఇల్లు ఉండిపోతే పేరు మార్పు చేయించుకోవాలి. రెండవ పని, టేపుతో ఇల్లు కొలవడం. మూడవ పని, తేడా ఉంటే పురపాలక కార్యాలయంలో సవరణ కోసం అర్జీ ఇవ్వడం. ఎప్పటిలోగా ఇవ్వాలో ఆలస్యం చేయకుండా అక్కడే అడిగి తెలుసుకోండి. అర్జీకి కొలతల పటం, పాత రశీదు జతచేయండి. అందినట్లు రశీదు తప్పకుండా తీసుకోండి. మధ్యవర్తులకు డబ్బు ఇవ్వవద్దు. కొలత తక్కువగా చూపించి తప్పించుకోవాలని కూడా చూడవద్దు. తెలంగాణ పురపాలక చట్టం 2019 ప్రకారం తప్పుడు స్వీయ ప్రకటనకు భారీ జరిమానా ఉంది.

ఇప్పటికే బకాయి పడినవారి మాటేమిటి? అప్పుడప్పుడు ప్రభుత్వాలు వడ్డీ మాఫీ ప్రకటిస్తాయి. హైదరాబాద్‌లో 2020లో, 2022లో అసలు మొత్తంతో పాటు వడ్డీలో 10 శాతం ఒకేసారి కట్టినవారికి మిగిలిన 90 శాతం వడ్డీ మాఫీ చేశారు. కోవిడ్ కష్టకాలంలో, 2020-21 సంవత్సరానికి, అక్కడ 15,000 రూపాయల లోపు ఇంటి పన్నులో సగం తగ్గించారు. ఇలాంటివి గడువుతో వస్తాయి, గడువుతో పోతాయి. వార్తాపత్రిక చదివే అలవాటు ఉన్న విద్యార్థి ఇంట్లో ఉంటే ఆ గడువు దాటిపోదు.

ఈ పద్ధతిలో లోపం కూడా ఉందని గమనించండి. పాత పెంకుటింట్లో ఒంటరిగా ఉంటూ పింఛనుతో బతికే అవ్వను తలచుకోండి. ఆమె ఆదాయం తక్కువ, ఇల్లు పెద్దది. వైశాల్యం చూసే నిబంధన ఆమెను గుర్తించదు. ఢిల్లీలో వృద్ధులకు, మహిళలకు, వికలాంగులకు తాము నివసించే ఒక ఇంటి మీద 200 చదరపు మీటర్ల వరకు 30 శాతం రాయితీ ఇచ్చే పద్ధతి ఈ లోపాన్ని కొంత పూడుస్తుంది. అయితే అది కూడా ఆదాయాన్ని చూడదు. ఇక అద్దెకుండే పేద కుటుంబానికి ఈ ఊరటలు నేరుగా అందవు. దేన్ని కొలుస్తున్నామో దాన్ని బట్టే ఎవరికి సాయం అందుతుందో తేలుతుంది. రేపు మీలో కొందరు ఇలాంటి నిబంధనలు రాసే స్థానంలో ఉంటారు. అప్పుడు ఆ అవ్వను మరచిపోకండి.

చివరగా మీకొక చిన్న అభ్యాసం. ఈ ఆదివారం మీ ఇంటి పన్ను నోటీసులోని వైశాల్యాన్ని మీరే కొలిచి సరిచూడండి. ఆ తరువాత, చదువు రాని మీ పొరుగింటివారి నోటీసు కూడా ఒకసారి చదివి పెట్టండి. రెండింటికీ కలిపి ఒక పూట చాలు.