విన్ పట్టణపు తీర్పు

2013 జనవరిలో కమ్యూనిస్టు వియత్నాంలోని విన్ పట్టణంలోని న్యాయస్థానం రెండే రోజుల్లో విచారణ ముగించి 14 మందికి శిక్షలు వేసింది. దాదాపు అందరికీ మూడేళ్ల నుంచి పదమూడేళ్ల దాకా జైలు. వారిలో ఎక్కువమంది కాథలిక్ యువత. బ్లాగులు రాసినవారు, సేవాపనులు చేసినవారు. ప్రభుత్వాన్ని కూలదోయజూశారన్నది అభియోగం. మన జమ్మికుంటకు దగ్గరి వంగరలో పెరిగిన పి.వి. నరసింహారావు కూడా 1938 వందేమాతరం ఉద్యమంలో పాల్గొని, నిజాం ఏలుబడిలో చదువు సాగక నాగపూర్ వెళ్లవలసి వచ్చింది. జెండాలు వేరైనా పాలకుల భయం ఒక్కటే.

ఆ యువత నమ్మే కాథలిక్ మతం ఫ్రెంచివారి వెంట వచ్చిందే కదా అని కొందరంటారు. ఫ్రెంచి సేనలు దాడికి దిగింది 1858లో. అక్కడి కాథలిక్కులు అంతకు రెండు శతాబ్దాల ముందునుంచే ఉన్నారు. ఆ 14 మందికి విదేశాల్లోంచి పనిచేసే, వియత్నాంలో నిషిద్ధమైన వియత్ తాన్ పార్టీతో సంబంధాలున్నాయన్నది ఇంకొంచెం బరువైన ఆక్షేపణ. నిజమే, నిషిద్ధ సంస్థపై ప్రభుత్వం కన్నేస్తుంది. కానీ శిక్షించవలసింది హింసను, పరిచయాన్ని కాదు. పదమూడేళ్ల శిక్ష పడిన దాంగ్ సువాన్ దియూను 2017లో గడువుకు ముందే వదిలి ఫ్రాన్సుకు పంపేశారు. అంత ప్రమాదకారే అయితే, ఆ పార్టీ స్వేచ్ఛగా పనిచేసే చోటికే ఎందుకు పంపినట్టు?