సైకిలు బ్రేకు తీగ



యారాడకు ఒక పక్క సముద్రం. మిగతా పక్కల కొండలు. సింధియా, గాజువాక వైపు పనికి పోవాలంటే కొండ ఎక్కి దిగాలి. సైకిలు ఉన్నవాళ్లు ఎక్కేటప్పుడు తోసుకుంటూ పోతారు. దిగేటప్పుడు కూర్చుని వదిలేస్తారు. మలుపులో ఎదురుగా బస్సు వచ్చిందనుకోండి. అప్పుడు ప్రాణం కాపాడేది బ్రేకు. ఆ బ్రేకును లాగేది ఒక సన్నని తీగ. షాపులో దాన్ని బ్రేకు వైరు అంటారు, కేబులు అని కూడా అంటారు.

పాత పెద్ద సైకిళ్లలో చాలావాటికి ఈ తీగ ఉండదు. ఇనుప కడ్డీలే బ్రేకును లాగుతాయి. తీగ బ్రేకుల సైకిలుకు రెండు తీగలుంటాయి. ముందు చక్రానికి ఒకటి, వెనక చక్రానికి ఒకటి. తాడు పేనినట్టు సన్నని ఉక్కు పోగులను పేని తీగ చేస్తారు. దాని మీద గొట్టం లాంటి తొడుగు ఉంటుంది. దాన్ని ఔటరు అంటారు. ఇలాంటి తీగకు బ్రిటన్‌లో బౌడెన్ అనే ఆయన 1896లో పేటెంటు పొందాడు.

తీగ ఎందుకు తెగుతుంది?

సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది. ఉప్పు తేమ తొడుగు లోపలికి దిగుతుంది. తీగ తుప్పు పడుతుంది. అది పైకి కనపడదు. పిడి దగ్గర తీగ రోజూ వంగుతుంది. అక్కడ పోగులు ఒక్కొక్కటే తెగుతాయి.

ఒక్క పోగు తెగినా తీగ మార్చాలి. "మిగతా పోగులున్నాయి గదా, ఇంకో నెల లాగిద్దాం" అనుకోకూడదు. బరువంతా ఆ మిగిలిన పోగుల మీదే పడుతుంది. బ్రేకు గట్టిగా పట్టినప్పుడే తీగ తెగుతుంది. గట్టిగా పట్టేది ఆపద వచ్చినప్పుడే!

పిడి బిగుసుకుపోయినా, వదిలాక వెనక్కి రాకపోయినా తీగను అనుమానించాలి.

కొనేటప్పుడు

పాత తీగను షాపుకు పట్టుకుపోండి. తీగ చివర చిన్న గుండు ఉంటుంది. కొత్త తీగకూ అదే ఆకారం గుండు ఉండాలి. లేకపోతే పిడిలో కుదరదు. వెనక తీగ పొడుగు, ముందు తీగ పొట్టి. కొలత చూస్కోండి.

గేర్ల సైకిలుకు గేరు తీగ వేరే ఉంటుంది. అది సన్నం. దాన్ని బ్రేకుకు వాడకూడదు. గేరు ఔటరు కూడా బ్రేకుకు పనికిరాదు, గట్టిగా లాగితే పగలవచ్చు. కరెంటు తీగ, కట్టుడు తీగ అసలే వద్దు.

సముద్రం పక్క ఊరికి స్టెయిన్‌లెస్ స్టీలు తీగ మేలు. తుప్పు తొందరగా పట్టదు. ఔటరు చీలినా, నలిగినా దాన్నీ మార్చండి.

మార్చేటప్పుడు

1. పాత తీగ ఏ దారిన పోయిందో ముందు చూసుకోండి.
2. బ్రేకు దగ్గర నట్టును పానాతో వదులు చేయండి. పాత తీగ లాగేయండి.
3. కొత్త తీగకు కాస్త గ్రీజు రాయండి. గుండును పిడిలో కూర్చోబెట్టి, తీగను ఔటరులోంచి దూర్చండి.
4. రబ్బర్లను రిమ్ముకు దగ్గరగా పట్టుకుని నట్టు బిగించండి. రబ్బరుకు, రిమ్ముకు మధ్య రెండు మిల్లీమీటర్ల సందు చాలు.
5. పిడిని పదిసార్లు గట్టిగా పట్టండి. కొత్త తీగ సర్దుకుని వదులవుతుంది. మళ్లీ బిగించండి.
6. రెండంగుళాలు ఉంచి మిగతాది కత్తిరించండి. పోగులు విడిపోకుండా కొసకు టోపీ తొడగండి.

రిమ్ముకు, రబ్బరుకు గ్రీజు అంటనివ్వకండి. అంటితే బ్రేకు జారుతుంది.

తర్వాత సైకిలు ఎక్కకుండా తోసి చూడండి. బ్రేకు పడితే చక్రం ఆగాలి. పిడి వచ్చి హ్యాండిలుకు తగలకూడదు. చదును దారిలో తొక్కి చూశాకే కొండ దారి పట్టండి. దిగేటప్పుడు రెండు బ్రేకులూ వాడండి.

ఇది మగవాళ్ల పనేమీ కాదు. తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. అప్పుడు వేలమంది ఆడవాళ్లు అక్షరాలతోపాటు సైకిలూ నేర్చుకున్నారు. తొక్కేవాళ్లకు పానా పట్టడం ఒక లెక్కా?

తీగ మార్చిన తేదీని ఇంట్లో క్యాలెండరు మీద రాయండి. నెలకోసారి ఆ తేదీ రాగానే రెండు తీగలూ చూడండి. ఒక పోగు లేచి కనపడితే ఆ రోజు కొండ మీద సైకిలు ఎక్కకండి. నడిపించుకుని షాపుకు పోండి.