నోటీసు అందిన రోజే లెక్క మొదలు
(బొబ్బిలిలో జరిగిన సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



భూసేకరణ మన ప్రాంతానికి కొత్త కాదు. బొబ్బిలి గ్రోత్ సెంటర్‌కు భూములు పోయాయి. సాలూరు వైపు రాయపూర్–విశాఖ ఆరు వరుసల రోడ్డుకు పోయాయి. ప్రతిసారీ ఊళ్లో ఒకటే మాట: "సర్కారు తలుచుకున్నాక రైతు చేసేదేముంది?" ఆ మాట సగమే నిజం. రెండో సగం చెప్పడానికే వచ్చాను.

ఆస్తి హక్కు ఇప్పుడు ప్రాథమిక హక్కు కాదు. 1978 నాటి 44వ సవరణ దాన్ని ఆ జాబితా నుంచి తీసేసింది. కానీ రాజ్యాంగం నుంచి తీసేయలేదు. 300-ఎ అధికరణంలో ఉంచింది. చట్టం అనుమతి లేకుండా ఎవరి ఆస్తినీ తీసుకోకూడదని దాని సారం.

2024 మే 16న కోల్‌కతా నగరపాలక సంస్థ కేసులో సుప్రీంకోర్టు ఈ అధికరణాన్ని విప్పి చెప్పింది. జస్టిస్ పి.ఎస్. నరసింహ రాసిన ఆ తీర్పు ఇందులో ఏడు అంశాలున్నాయన్నది. ముందుగా నోటీసు ఇవ్వాలి. అభ్యంతరం వినాలి. కారణాలు చూపి నిర్ణయం చెప్పాలి. ప్రజా ప్రయోజనానికే తీసుకోవాలి. న్యాయమైన పరిహారం ఇవ్వాలి. పని సాగదీయకూడదు. చివరిదాకా పూర్తిచేయాలి. పరిహారం ఒక్కటీ పారేస్తే సరిపోదని దీని అర్థం.

డి-పట్టా రైతులూ వినండి. ప్రభుత్వం ఇచ్చిన భూమి కాబట్టి తక్కువ ఇస్తామంటే చెల్లదు. ప్రజావసరానికి వెనక్కి తీసుకుంటే జిరాయితీ భూమితో సమానంగా చెల్లించాలని ఉమ్మడి హైకోర్టు విస్తృత ధర్మాసనం 2004లోనే చేవెళ్ల కేసులో చెప్పింది.

అయితే హక్కు ఉంది కదా అని ఇంట్లో కూర్చుంటే గడువు ఆగదు. 2013 చట్టం కింద ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చాక అభ్యంతరం చెప్పడానికి 60 రోజులు. జాతీయ రహదారుల చట్టం కిందైతే 21 రోజులే. అందుకే నోటీసు అందగానే అది ఏ చట్టం కింద ఇచ్చారో మొదట చూడండి.

మనవాళ్లు ఎక్కువగా నష్టపోయేది డబ్బు ముట్టే రోజున. 2013 చట్టం కింద పరిహారం చాలదనిపిస్తే "అభ్యంతరంతో తీసుకుంటున్నాను" అని రాసి సంతకం పెట్టాలి. అలా రాయకుండా తీసుకుంటే ఎక్కువ అడిగే హక్కు పోతుంది. సమ్మతి పత్రం మీద సంతకమైతే ఇంకా జాగ్రత్త. అవార్డు రోజు మీరు అక్కడే ఉంటే, పెంపు కోరుతూ కలెక్టరుకు దరఖాస్తు ఇవ్వడానికి ఆరు వారాలే గడువు. రహదారి చట్టం కిందైతే పరిహారం తగాదా ఆర్బిట్రేటర్ దగ్గరికి వెళుతుంది.

నోటిమాట ఆఫీసులో నిలవదు. ప్రతి అర్జీకీ నకలు ఉంచుకోండి, దాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ప్రతి గ్రామ కమిటీ ఒక నోటుపుస్తకం పెట్టాలి: ఎవరికి ఏ నోటీసు ఎప్పుడు అందింది, గడువు ఎప్పటికి ముగుస్తుంది అని. చదువు రాని రైతు సంతకం చేసే ముందు, ఆ కాగితం చదివి వినిపించే మనిషి పక్కన ఉండాలి. ఆ మనిషి మనమే కావాలి.

కోర్టు తీర్పు మన చేతికి కర్ర ఇచ్చింది. దాన్ని వేళకు అందుకోవడం మన వంతు.