బొబ్బిలి యుద్ధము - తెరమీది వీరులు

ఓడిపోవుదురని ముందే తెలిసిన వారి కథను డబ్బిచ్చి ఎందుకు చూస్తాము? 1964లో వచ్చిన 'బొబ్బిలి యుద్ధం' చిత్రమును తలచినప్పుడెల్ల నాకు కలిగే ప్రశ్న ఇది. కోట కూలుతుంది, రాజు మరణిస్తాడు, రాణి మరణిస్తుంది. ఈ సంగతి తెలియక హాలులోనికి వెళ్లిన తెలుగువాడు ఉండడు. షేక్ నాజరు వంటి వారి బుఱ్ఱకథలలో ఈ కథ అంతకు ముందే ఊరూర మారుమ్రోగినది. అయినను చూచినారు, మరల మరల చూచినారు.

మాది మొయినాబాదు దాపున ఎంకపల్లి. బొబ్బిలి మాకు దూరము. మేమెరిగిన కోట గోలకొండ. 1687లో ఎనిమిది నెలల ముట్టడి పిమ్మట ఆ కోట ఔరంగజేబు వశమైనప్పుడు, ఒళ్లంతా గాయాలతో కడదాకా నిలిచి పోరాడిన అబ్దుల్ రజాక్ లారీ కథ విన్నవారికి బొబ్బిలి వీరులు పరాయివారుగా తోచరు. ఓడిన కోటలను మరువకపోవడం మన జనానికి ఒక అలవాటు కాబోలు.

ఈ చిత్రమునకు దర్శకులు సీతారాం గారు. బొబ్బిలి ప్రభువు రంగారావుగా ఎన్.టి. రామారావు, మల్లమ్మదేవిగా భానుమతి, విజయరామరాజుగా రాజనాల నటించినారు. తాండ్ర పాపారాయుడు ఎస్.వి. రంగారావు. రంగారావు వేషము రామారావుగారిది, రంగారావుగారిది మరొక వేషము. ఈ మాట చెప్పబోయినప్పుడెల్ల నాకు నాలుక తడబడుతుంది.

నన్నడిగితే చిత్రమునకు ప్రాణము పాపారాయుడే. విచిత్రమేమనగా, యుద్ధమునాడు ఆ మహావీరుడు కోటలో లేడు. రాజాములో ఉన్నాడు. ఇది కవుల కల్పన కాదు, చరిత్రగా చెప్పుకొనే సంగతే. అందరికంటె బలవంతుడు అందరికంటె ఆలస్యముగా వస్తాడు. ఆయన వచ్చునా, ఎప్పుడు వచ్చునని మనస్సు ఎదురు చూస్తూనే ఉంటుంది. రాడని తెలిసి కూడ ఎదురు చూస్తుంది! ఎస్.వి. రంగారావుగారి విగ్రహము, ఆ కంఠము, మాట మాటకు నడుమ ఆయన పాటించే విరామము ఈ నిరీక్షణను భారమైనదిగా చేస్తాయి. కత్తి దూయకముందే ఆయన కనులలో యుద్ధము జరిగిపోతుంది.

ఇక భానుమతిగారు. పాటలు కథను ఆపుతాయని నాకు సాధారణముగా విసుగు. ఎస్. రాజేశ్వరరావుగారు స్వరపరచగా భానుమతిగారు స్వయముగా పాడిన చోట ఆ విసుగు కలుగలేదు. మల్లమ్మ భయపడదు, అలాగని బండరాయీ కాదు. భర్త పట్టుదలకు ఇల్లంతా ఏ మూల్యము చెల్లించవలసి వచ్చునో ఆమె ముఖము చూస్తే తెలుస్తుంది.

ఆ మూల్యమే నన్ను కలవరపెట్టేది. 1757 జనవరి 24న బుస్సీ సేన, విజయరామరాజు సేన కలిసి కోటను ముట్టడించినవి. బొబ్బిలి విడిచిపెడితే వేరొకచోట భూములిస్తానని బుస్సీ చెప్పగా రంగారావు అంగీకరింపలేదు. ఇక నిలువలేమని తెలిసిన తరువాత, కోటలోని స్త్రీలను, పిల్లలను తమవారే చంపుకొన్నారు. దీనిని వీరమని చప్పట్లు కొట్టడానికి నా చేతులు లేవవు. కాని తలవంచని మనిషిని చూచినప్పుడు గుండె ఉప్పొంగకుండ ఉండదు. ఈ రెండును ఒకేసారి కలుగుతాయి కనుకనే ఆ కథ చూచి ఇంటికి వచ్చినా విడువదు.

ఆంగ్ల చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ ఈ యుద్ధమును విపులముగా వర్ణించినాడు. విజయరామరాజును గుడారములో చంపినది పాపారాయుడని మన కథలు చెప్తాయి. ఓర్మ్ చెప్పినది వేరు. రంగారావు సైనికులు నలుగురు కోటలో దాగి, రాత్రివేళ గోడ దిగి, అవతలి సేన నడుమనుండి వెళ్లి పొదలలో పొంచియున్నారట. అడిగినవారికి ఎవరికీ అనుమానము రాలేదు. ఎందుచేత? ఇరుపక్షాలదీ ఒకే భాష! తరువాత వారిలో ఇద్దరు మరల ఆ భాష అండతోనే గుడారము చేరి, విజయరామరాజును 32 పోట్లు పొడిచినారు. శత్రువు సముద్రాల కావలివాడు మాత్రమే కాడు, పొరుగువాడు కూడ. నలుగురు చేసిన పనిని జనము ఒక్క పాపారాయునికి కట్టబెట్టినదేమో. ఆలస్యమైన వీరునికి ఆ మాత్రము గౌరవము జరుగవలెనని వారికి తోచియుండును. సినిమాకు కావలసినదీ అదే.

ఓర్మ్ గ్రంథములోనే మరొక మనిషి కనిపిస్తాడు. పోరు ముగిసిన తరువాత ఒక వృద్ధుడు ఒక బాలుని వెంటబెట్టుకొని లా అనే ఫ్రెంచి అధికారి వద్దకు వచ్చినాడు. వీడు రంగారావు కుమారుడు, తండ్రి ఆజ్ఞను కాదని నేనే కాపాడినాను అని చెప్పినాడట. తండ్రి కాదన్న ఆ భూములకే బుస్సీ ఆ పసివానిని ప్రభువుగా చేసినాడు.

తెరమీద నేను తనివితీర చూడదలచినది ఈ ముసలివానినే. ఆయనకు కత్తి అక్కరలేదు, డైలాగు కూడ ఒక్కటి చాలును. ఎస్.వి. రంగారావుగారే ఆ రెండు నిమిషాలు కూడ ధరించియుంటే ఎట్లుండెడిదో!