వార్తను చదవడం కూడా ఒక విద్యే



మా మనవరాలు ఇంగ్లీషు సాహిత్యంలో ఎం.ఏ. చేస్తానన్నప్పుడు "కథలు చదివితే కడుపు నిండుతుందా బేటీ?" అన్నవాణ్ణి నేనే. ఆమె వాదించలేదు. ఎడ్వర్డ్ సయీద్ పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టింది.

సయీద్ 1935లో జెరూసలేంలో, పాలస్తీనా క్రైస్తవ కుటుంబంలో జన్మించారు. 1963 నుండి 2003లో మరణించే వరకు అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో సాహిత్యం బోధించారు. తూర్పు దేశాల ప్రజలు ఎటువంటివారో చెప్పే అధికారాన్ని వారిని పాలించినవారే చేజిక్కించుకున్నారని 1978 నాటి ‘ఓరియంటలిజం’లో నిరూపించారు. నవలను పరిశీలించినట్లే వార్తనూ పరిశీలించి 1981లో ‘కవరింగ్ ఇస్లాం’ రచించారు. ఇరాన్‌లో అమెరికా రాయబార సిబ్బంది బందీలైన కాలంలో అక్కడి పత్రికలు, టీవీలు ఇస్లామును చూపిన తీరే దాని విషయం. కవర్ చేయడమంటే వార్త అందించడం, కప్పివేయడం కూడా. అనేక దేశాల, భాషల కోట్లాది ప్రజలకు ఒకే ముఖం తగిలిస్తే అసలు మనిషి కనుమరుగవుతాడు.

ఇది మనకు దూరపు సంగతి కాదు. 2007లో హైదరాబాదు మక్కా మసీదులో పేలుడు జరిగింది. నమాజుకు వచ్చినవారే ప్రాణాలు కోల్పోయారు. ఆపైన తొలుత పట్టుబడినవారూ ముస్లిం యువకులే. వారిలో పలువురు తరువాత న్యాయస్థానంలో నిర్దోషులుగా బయటపడ్డారు. అరెస్టు వార్త చదివిన ప్రతి ఇంటికీ ఆ తీర్పు వార్త చేరిందా? ఆలోచించండి.

తప్పు చేసినవాణ్ణి వెనకేసుకు రమ్మని నేను అనడం లేదు. నేరం రుజువు కాకముందే ‘నిందితుడు’ అనవలసిన చోట ‘ఉగ్రవాది’ అని రాస్తే ప్రశ్నించమంటున్నాను. ఎవరు మాట్లాడారు, ఎవరిని అడగనేలేదు, ఒకరి నేరానికి మతం పేరు ఎందుకు చేర్చారు అని చూడండి.

గుమాస్తాగా నేను నేర్చినది ఒక్కటే: కాగితం లేనిదే అర్జీ నిలవదు. వార్తను కత్తిరించి తేదీ వేసి భద్రపరచండి. ముందుగా సంపాదకునికి మర్యాదగా లేఖ రాయండి. ఫలితం లేకుంటే ప్రెస్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు ఫిర్యాదు చేయవచ్చు. దినపత్రిక విషయంలో వార్త వెలువడిన రెండు నెలల్లోపే పంపాలి.

ఈ పని నిలకడగా సాగాలంటే భాష తెలిసినవారు కావాలి. ఇంజనీర్లు, డాక్టర్లతో పాటు సాహిత్యం, జర్నలిజం చదివిన బిడ్డలూ మనకు అవసరం. ఇంట్లో ఏ ఆడపిల్లయినా ఆ చదువు కోరితే, నాలా తొందరపడి అడ్డు చెప్పకండి. మా మనవరాలు ఎం.ఏ.లో చేరింది. ఇప్పుడు ఉదయం పత్రిక ఇద్దరం కలిసి చదువుతున్నాం.

ఖుదా హాఫిజ్.